పనస నేర్పిన పాఠం

రెండేళ్ల క్రితం శ్రావణమాసంలో పీర్జాదిగూడలోని మా ఇంటికి ఒక అమ్మగారు వచ్చారు. వయస్సు అరవై నాలుగేళ్లు. చేతిసంచిలో రామకోటి పుస్తకాలు ఉన్నవి.

"పంతులుగారూ, కోటి నామాలు రాస్తానని మొక్కుకున్న. రోజుకు వేయి చొప్పున నాలుగు నెలలు సాగింది. బిడ్డ పురిటికి పోయినప్పుడు నెలరోజులు ఒక్క గడి కూడా నింపలేకపోయిన. అప్పటినుంచి పుస్తకం తెరవాలంటేనే భయమైతున్నది. స్వామికి మాట తప్పిన పాపం నాకు అంటదా?" అని కంటతడి పెట్టుకున్నారు.

ఆ ప్రశ్న ఆమె ఒక్కరిది కాదు. గొప్ప సంకల్పం చేసి, మధ్యలో ఆగి, సిగ్గుతో దానికి దూరమైనవారు మనలో ఎందరో ఉన్నారు. అందుచేత ఆనాడు నేను చెప్పిన సమాధానాన్ని ఈ మాసపు పాఠంగా మీ ముందుంచుతున్నాను.

నేను బాల్యంలో కృష్ణయజుర్వేదం అధ్యయనం చేసినవాడను. తైత్తిరీయ సంహితలో 7 కాండలు, 44 ప్రశ్నలు, 651 అనువాకాలు, 2198 పనసలు కలవు. పనస అనగా యాభై పదాల భాగం. యాభై అనే అర్థం గల 'పంచాశత్' శబ్దమే ఇట్లు మారినదని పెద్దలు చెప్పుదురు. ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. యాభై పదాలు నిండగానే పనస ముగుస్తుంది. వాక్యం నడుమ ఉన్నా సరే, అక్కడ ఆగవలసిందే. అర్థం కోసం చేసిన విభాగం కాదిది; చదువుకొనేవాని శక్తిని చూచి చేసిన విభాగం. అనువాకం చివర పనసల గుర్తు పదాలను, చివరి పనసలో మిగిలిన పదాల సంఖ్యను కూడా చెప్పుతారు. ఒక్క పదం జారినా లెక్క పట్టి ఇస్తుంది.

ఎనిమిదేళ్ల పిల్లవాని ముందు సంహిత మొత్తం పెట్టితే వాడు ఆ పూటే ఇంటిదారి పట్టును. గురువుగారు అట్లు చేయలేదు. ఒక పదం చెప్పితే మేము రెండుసార్లు పలికేవారము. దీనినే సంత అంటారు. పదాలు కలిసి వాక్యమై, వాక్యాలు కలిసి పనస అయ్యేది. స్వరం తప్పకుండా అది నిలిచేవరకు వల్లె వేయించేవారు. నిన్నటి పనస అప్పగించనిదే నేటి పనస లేదు.

ఇంకొక ఏర్పాటు కూడా ఉన్నది. అష్టమి, చతుర్దశి, పర్వదినం, పాడ్యమి అనధ్యయన దినాలు. ఆ దినాలలో క్రొత్త పాఠం చెప్పరు. పక్షానికి నాలుగు చొప్పున నెలకు ఎనిమిది రోజులు పోగా ఇరవై రెండు రోజులు మిగులుతవి. దినానికి ఒక్క పనస చొప్పున లెక్కించినా 2198 పనసలకు దాదాపు నూరు నెలలు, అనగా ఎనిమిదేళ్ల నాలుగు నెలలు పట్టును. విరామాన్ని కూడా లెక్కలో చేర్చిన మన పెద్దల దూరదృష్టి ఎంతటిదో చూడండి! ఆగిన దినం దోషం కాదు, అది క్రమంలోనిదే.

ఈ సత్యం నాకు వృద్ధాప్యంలో రెండవసారి బోధపడినది. డెబ్బయ్యవ యేట జబ్బుచేసి మూడు నెలలు మంచం పట్టితిని. లేచిన పిదప ఒక ప్రశ్నను ఆరంభిస్తే మూడవ అనువాకంలో దారి తప్పింది. అరవై ఏండ్లు నోట ఆడిన వేదం జారిపోయినదన్న దుఃఖంతో, ఒక్క పూటలో అంతా తిరిగి పట్టవలెనని పట్టుబట్టితిని. మరింత తడబాటే మిగిలింది. చివరకు మా మనవని చేతికి పుస్తకం ఇచ్చి, చిన్నపిల్లవానివలె దినానికి ఒక పనస అప్పగించనారంభించితిని. ఆ ప్రశ్న మరల నా నోట నిలుచుటకు రెండు నెలలు పట్టినది. నా కంఠం నాకు దక్కినది.

ఇక అమ్మగారి మాట. కాగితం తీసుకొని ఇద్దరమూ లెక్క వేసితిమి. దినానికి వేయి నామాలు అంటే కోటికి పదివేల దినాలు. ఒక్క రోజూ తప్పకున్నా ఇరవై ఏడేళ్ల పైమాట. వేయి నామాలకు గంటకు పైగా పట్టును. ఇంట్లో జబ్బు, పురుడు, చుట్టాల రాక ఉన్ననాడు అది సాగదు. ఆమె భక్తిలో లోపం లేదు. మెట్టు ఎత్తు ఎక్కువైనది.

"అమ్మా, కోటిని పక్కన పెట్టి ముందుగా ఒక లక్షకు సంకల్పం చేయండి. కష్టమైన రోజున కూడా సాగే సంఖ్య ఎంతో చెప్పండి" అన్నాను. ఆలోచించి "మూడువందలు" అన్నారు. నెలకు ఇరవై రెండు రోజులే లెక్కపెట్టినా పదిహేను నెలల్లో లక్ష దగ్గరకు వచ్చును. "ఆ లెక్కన కోటి ఈ జన్మలో అయ్యేది కాదు కదా?" అని అడిగారు. నిజమే. చిన్న అడుగు అన్ని దూరాలనూ దాటించునని నేను చెప్పను. "కోటి అంతా నా ఒక్క చేతితోనే కావలెనన్న పట్టు విడువండి. లక్ష మీది. మిగిలినది ఇంటివారిది, ఆపై స్వామిది" అన్నాను.

మరుసటి మార్గశిరంలో మొదటి లక్ష నింపిన పుస్తకాలను ఆమె స్వామి సన్నిధిలో ఉంచారు. భద్రాచలానికి తీసుకుపోయి సమర్పించాలని అనుకుంటున్నారు. వెంట వచ్చిన మనవరాలి చేతిలో క్రొత్త పుస్తకం ఉన్నది.

మనం పూజకు ముందు చెప్పుకొనే సంకల్పాన్ని గమనించండి. కల్పం, మన్వంతరం, యుగం అని ఊహకందని కాలంతో మొదలై, సంవత్సరం, మాసం, పక్షం మీదుగా నేటి తిథికి దిగివచ్చును. చివరకు మనం మాట ఇచ్చేది ఈనాటి ఒక్క పూజకే, అదియును యథాశక్తిగా. మీ మనస్సులో ఏ గొప్ప కార్యం ఉన్నా, తీర్థయాత్ర కానీ, దానం కానీ, పిల్లల చదువు కానీ, దానిని నేటి తిథి వరకు దింపి చూడండి. ఈనాటి పనస ఏదో తెలిసినచో దానిని అప్పగించి నిశ్చింతగా నిద్రించండి.

స్వస్తి.