విశ్రాంతి స్థలమును వెదకుట
(గృహకూటముల కొరకైన బైబిలు పాఠము)

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 10:29–36, ఆదికాండము 12:10–20, 13:5–13, యిర్మీయా 32:6–15.



మిరప కళ్లములు ఎత్తివేసి, పిల్లల పరీక్షలు ముగిసిన పిమ్మట మన పల్నాటి సంఘములలో ప్రతి యేట ఒక సంగతి జరుగుచున్నది. ఆదివారపు ఆరాధనలో ఒక చాప ఖాళీ అగును. విచారింపగా, "వారు పట్నము పోయినారండి, అబ్బాయికి ఉద్యోగము వచ్చినది" అని తెలియును. పిడుగురాళ్లలోనో నడికుడిలోనో రైలెక్కి సికింద్రాబాదు చేరువారు కొందరు, బస్సెక్కి గుంటూరు, విజయవాడ వెళ్లువారు కొందరు. వెళ్లుట తప్పని చెప్పుటకు ఈ పాఠము వ్రాయుటలేదు. వెళ్లువారు ఎచ్చట దిగవలెను, ఏ యింట కాపురముండవలెను అను విషయమును వాక్యము వెలుగులో చూతము. ఇది ఆత్మసంబంధము కాని సంగతి అని ఎవరైన అనుకొనినయెడల, బైబిలులో గుడారములను గూర్చియు బసలను గూర్చియు ఎంత వ్రాయబడినదో వారొకసారి లెక్కపెట్టవలెను.

మన పెద్దలకు ఈ యెన్నిక ఉండెడిది కాదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన తరువాత, కొండ లోయలోని గ్రామములవారు తమ యిండ్లు నీట మునుగునని తెలిసి, చూపించిన చోటికి వెళ్లవలసివచ్చెను. ఆనకట్ట పనికి పోయిన కూలివారు రాళ్ల మధ్యనే గుడిసెలు వేసికొనిరి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలబడెను. ఆ కృష్ణ నీరే నేడు మన కుడి కాలువలో పారుచున్నది, గొట్టముల గుండ హైదరాబాదు కుళాయిలకును పోవుచున్నది. నీటి వెంట మనుష్యులును పోవుచున్నారు. అయితే ఇప్పుడు పోవువారికి, "ఇది కాదు, అది" అని యెన్నుకొను అవకాశము కొంత కలదు. కనుకనే బాధ్యతయు కలదు.

సంఖ్యాకాండము 10వ అధ్యాయము చూడుడి. ఇశ్రాయేలీయులు సీనాయి నుండి బయలుదేరినప్పుడు, యెహోవా మందసము మూడు దినముల ప్రయాణమంత ముందుగా సాగి, వారికి విశ్రాంతి స్థలము వెదకెను (33వ వచనము). పైన మేఘము ఉన్నది, ముందు మందసము ఉన్నది. ఇక మనుష్యుని సహాయము ఎందుకు? అయినను దానికి కొంచెము పైననే మోషే తన బంధువైన హోబాబును బతిమాలుచున్నాడు. అరణ్యములో ఎచ్చట దిగవలెనో నీకు తెలియును గనుక నీవు మాకు కన్నులవలె ఉండుమని అడుగుచున్నాడు (31వ వచనము). "ప్రార్థన చేసినాము, ప్రభువే చూపించును, ముందుగా వెళ్లి చూడ నక్కరలేదు" అను సహోదరులు కొందరున్నారు. వారు 33వ వచనము నమ్మి 31వ వచనమును విడిచిపెట్టుచున్నారు. ఒకే అధ్యాయములో మేఘమును ఉన్నది, హోబాబును ఉన్నాడు.

హోబాబు వెళ్లెనా అన్నదానికి ఆ అధ్యాయములో జవాబు లేదు. కాని మోషే మామ సంతతివారైన కేనీయులు యూదావారితో కలిసి దేశములోనికి వచ్చినట్లు న్యాయాధిపతులు 1:16లో చదువుచున్నాము. కనుక ఆ బంధుత్వము ఊరకనే పోలేదు.

నేటి హోబాబు ఎవరు? ఇల్లు చూపించి కమిషను పుచ్చుకొను బ్రోకరు కాడు. ఆ వీధిలో రెండు వేసవులు కాపురముండినవాడే హోబాబు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు, మియాపూరు, నిజాంపేట వైపున మన కోస్తా జిల్లాలవారు అనేకులు స్థిరపడియున్నారు. ఊరిలో విచారించినయెడల ఎవరికో ఒకరికి పెదనాన్న కుమారుడో మేనత్త కూతురో అచ్చట దొరకును. కుటుంబమంతయు మూటలతో దిగక, ఇద్దరు ముందుగా వెళ్లి రెండు మూడు దినములుండి చూచి రావలెను. ఆ ఇద్దరిలో ఒకరు యింటి ఇల్లాలై యుండుట మంచిది. పురుషులు గోడల రంగు చూచి వచ్చెదరు, వంటగదిలో పొగ పోవు దారి ఉన్నదా అని చూచువారు స్త్రీలే. అయితే బంధువుల యింట దినములు పొడిగింపవద్దు. పొరుగువాని యింటికి మాటిమాటికి వెళ్లినచో అతడు విసుగుకొనునని సామెతలు 25:17 హెచ్చరించుచున్నది, పట్నపు రెండు గదుల యింటికి ఆ మాట మరింత తగును.

ఏమి చూడవలెను? మోషే వేగులవారిని పంపినప్పుడు ఇచ్చిన ప్రశ్నలు సంఖ్యాకాండము 13:18–20లో ఉన్నవి. జనులు ఎట్టివారు, భూమి మంచిదా చెడ్డదా, పట్టణములు ఎటువంటివి, చెట్లున్నవా లేవా. నెహెమ్యా యెరూషలేము చేరి మూడు దినములైన తరువాత రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి గోడలన్నియు తిరిగి చూచెను, అంతవరకు ఎవరితోను ఏమియు చెప్పలేదు (నెహెమ్యా 2:11–16). ఇంటిని కూడ పగలొకసారి, చీకటి పడిన తరువాత ఒకసారి చూడవలెను. పగలు ప్రశాంతముగానున్న సందులో రాత్రి ఏ దుకాణము తెరువబడునో, ఆడపిల్ల బస్సు దిగి నడచివచ్చు దారిలో దీపములున్నవో లేవో పగలు తెలియదు.

నీటిని గూర్చి యింటివానిని అడిగి ప్రయోజనము లేదు, "నీళ్లకేమండి, ఇరవై నాలుగు గంటలు" అనును. పక్క పోర్షనులోని అమ్మను అడుగవలెను: మున్సిపాలిటీ నీరు ఎన్ని దినములకొకసారి వచ్చును? సంపు ఉన్నదా? ఏప్రిలు, మే నెలలలో బోరు ఎండునా? ట్యాంకరు తెప్పించినచో ఆ డబ్బు ఎవరు పెట్టుదురు? మన ప్రాంతములో నీటి కరవు తెలిసినవారికి ఈ ప్రశ్నలు నేర్పనక్కరలేదు, అయినను పట్నములో కుళాయి మెరుపు చూచి మరచిపోవుచున్నారు.

నీరు తక్కువైన చోటులే కాదు, నీరు ఎక్కువైన చోటులును కలవు. లోతు కన్నులెత్తి చూచినప్పుడు యొర్దాను మైదానమంతయు నీళ్లు పారు తోటవలె కనబడెను (ఆదికాండము 13:10). అతడు చూచినది అంతమట్టుకే. అచ్చటి మనుష్యులను గూర్చి విచారించినట్లు వ్రాయబడలేదు, ఆ మాట 13వ వచనములో మనకు చెప్పబడినది. మొదట సొదొమ దగ్గర గుడారము వేసికొనెను, 19వ అధ్యాయమునకు వచ్చునప్పటికి ఊరి గవినియొద్ద కూర్చుండియున్నాడు. చవుకగా దొరికినదని దిగిన చోటు మనలను తనలోనికి లాగుకొనును. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన పేటలు మునిగినప్పుడు, దినముల తరబడి నీరు తీయలేదు. క్రింది అంతస్తులవారి బియ్యము, పరుపులు, పిల్లల సర్టిఫికెట్లు నీటి పాలాయెను. వారిలో పల్లెలనుండి కూలికి వెళ్లిన పేదలు అనేకులు. వారు లోతువలె ఆశపడి అచ్చట దిగలేదు, అంతకు మించిన అద్దె ఇయ్యలేక దిగిరి. ఆ భేదము మనము మరువరాదు. అయినను, "ఈ గోడమీద నీరు ఎంతవరకు వచ్చినది?" అని అడుగుటకు డబ్బు అక్కరలేదు. గోడమీద చార తానే చెప్పును.

ధర్మశాస్త్రములో క్రొత్త యింటి మిద్దెకు పిట్టగోడ కట్టింపవలెనను ఆజ్ఞ యున్నది, లేనియెడల పడినవాని రక్తదోషము యింటిమీద నుండును (ద్వితీయోపదేశకాండము 22:8). త్రోయలో ఐతుకు అను యౌవనుడు కిటికీలో కూర్చుండి నిద్రపోయి మూడవ అంతస్తు నుండి పడిపోయెను (అపొస్తలుల కార్యములు 20:9). పిల్లలుగలవారు బాల్కనీ కమ్మీలు, మిద్దె గోడ ఎత్తు చేతితో తాకి చూడవలెను. వృద్ధులుగలవారు లిఫ్టు ఉన్నదా, కరెంటు పోయినప్పుడు నడచునా అని చూడవలెను. నాలుగవ అంతస్తునకు ఎక్కించి, ఆ తరువాత ఆదివారము సహా క్రిందికి దింపలేక, ముసలి తల్లిని గోడల మధ్య ఉంచిన యిండ్లున్నవి. ఊరిలో అరుగుమీద పదిమందితో మాటలాడిన మనిషి ఆమె.

ఇక లెక్క. గోపురము కట్టువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను (లూకా 14:28). నెలకు 12,000 రూపాయల అద్దె అనుకొందము. రెండు నెలల అడ్వాన్సు 24,000, మొదటి నెల అద్దె 12,000, బ్రోకరుకు సగము నెల అద్దె 6,000. సామాను లారీ ఎక్కకమునుపే 42,000 అయినది. పైగా నెలనెలా మెయింటెనెన్సు, కరెంటు, బడి ఫీజు. మొదటి జీతము వచ్చునది నెల తరువాత. ఈ మొత్తమునకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి వెళ్లుటకంటె, అబ్బాయి ఆరు నెలలు స్నేహితులతో గదిలో ఉండి కూడబెట్టిన పిమ్మట కుటుంబమును పిలుచుకొనుట మేలు. దూరముగా చవుక యిల్లు తీసికొనినచో మిగిలిన అద్దె ఆటోల పాలగును, ఈ లెక్కయు వేసికొనవలెను. బియ్యము కార్డు ఏమగునో అని భయపడువారికి ఒక మాట: 2019లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య ఆరంభమైన ఏర్పాటు చొప్పున, మన కార్డుమీద అచ్చటి రేషను దుకాణములో వేలిముద్ర వేసి ధాన్యము తీసికొనవచ్చును.

ఫోనులో యింటి బొమ్మలు చూపించి, "నేను మిలిటరీలో ఉన్నాను, వేరే రాష్ట్రమునకు బదిలీ అయినది, ముందుగా టోకెను పంపుడి, తాళము వాచ్‌మన్ ఇచ్చును" అను మోసగాండ్రు కలరు. కన్నులతో చూడని యింటికి ఒక్క రూపాయియు పంపరాదు.

యిర్మీయా అనాతోతులో పొలము కొనిన విధము చూడుడి. తూకము వేసి పదునేడు తులముల వెండి యిచ్చెను, పత్రము వ్రాసెను, సాక్షులను పిలిచెను, ముద్రవేసినది ఒకటి, విప్పియున్నది ఒకటి, రెండు ప్రతులను మంటికుండలో పెట్టించెను (యిర్మీయా 32:9–14). అప్పటికి పట్టణము ముట్టడిలో ఉన్నది, ప్రవక్త బందీగృహ ప్రాకారములో ఉన్నాడు. అంతటి వేళలో కూడ కాగితము సరిగా వ్రాయించిన దైవజనుడుండగా, "మనవాడే కదా, కాగితమెందుకు" అని మనమనరాదు. సంవత్సరమునకు మించిన కౌలు పత్రమును 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చొప్పున రిజిస్టరు చేయింపవలెను గనుక, సాధారణముగా పదునొకండు నెలలకు వ్రాసికొందురు. అందులో అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయునప్పుడు రంగులకని ఎంత పట్టుకొందురు, ఎన్ని నెలల ముందు చెప్పవలెను, దిగిన దినమున కరెంటు మీటరు రీడింగు ఎంత అనునవి స్పష్టముగా ఉండవలెను. ఒక ప్రతి మన ట్రంకుపెట్టెలో ఉండవలెను.

ఇప్పుడు అన్నిటికంటె కష్టమైన సంగతికి వచ్చుచున్నాను. టులెట్ బోర్డు చూచి మెట్లెక్కినప్పుడు, గది చూపించుటకు ముందే యింటివారు అడుగు ప్రశ్న ఒకటున్నది: "మీరేమిట్లు?" కొందరు తిన్నగా అడుగుదురు. కొందరు, "నాన్‌వెజ్ వండుతారా? ఇంట్లో ప్రార్థనలు పెడతారా?" అని చుట్టు తిప్పి అడుగుదురు. జవాబు విని, "ఇప్పుడే వేరేవారికి ఇచ్చినామండి" అందురు, బోర్డు మాత్రము అట్లే వ్రేలాడుచుండును. ఇట్లు పది గుమ్మములు దిగిన మన యౌవనులు కొందరు పదకొండవ గుమ్మములో వేరొక యింటిపేరు చెప్పుచున్నారు. బైబిలును బట్టల అడుగున పెట్టుచున్నారు.

అబ్రాము కూడ కరవువలన వలస వెళ్లినవాడే. ఐగుప్తు చేరకమునుపే భయపడి, భార్యను సహోదరియని చెప్పించెను. అది పూర్తి అబద్ధము కూడ కాదు (ఆదికాండము 20:12). దానివలన అతనికి మేలే కలిగినట్లు కనబడెను, గొర్రెలు, గాడిదలు, దాసులు వచ్చిరి. కాని శారయి ఫరో యింట చిక్కుకొనెను. తుదకు అన్యుడైన రాజు నిలదీసి అడుగగా అబ్రాము చెప్పిన జవాబు ఏదియు ఆ అధ్యాయములో లేదు.

మొదటి పాపము అడిగినవానిది. మనుష్యులను వేరుపరచి చూచుట ఎంత దోషమో యాకోబు 2వ అధ్యాయము చెప్పుచున్నది. రోజంతయు ఎండలో తిరిగి అవమానముతో వచ్చిన పిల్లవానిమీద నేను రాయి వేయను. కాని మారుపేరుతో దొరికిన యింట ఏమి జరుగునో అతడు తెలిసికొనవలెను. ఊరినుండి వచ్చిన నాయనమ్మ పాట పాడబోగా, "మెల్లగా, నాయనమ్మా" అనవలసియుండును. పాదిరి వచ్చినచో "మా మాస్టారు" అనవలసియుండును. ఏడేండ్ల బిడ్డ బడిలో ఏ పేరు చెప్పవలెనో తెలియక తండ్రి ముఖము చూచును. ఆ బిడ్డ నేర్చుకొనునది అబద్ధము మాత్రమే కాదు, మన పేరు సిగ్గుపడదగినదని నేర్చుకొనును. ఏ అద్దెకంటెను అది ఎక్కువ వెల.

అందువలన ఒక ఉపాయము చెప్పుచున్నాను. బస్సు చార్జీ పెట్టుకొని వెళ్లకముందే, మొదటి ఫోనులోనే, "మేము క్రైస్తవులమండి, ఇంతమంది ఉందుము, ఇట్లు వండుకొందుము, ఆదివారము గుడికి పోవుదుము" అని సౌమ్యముగా చెప్పివేయుడి. వద్దనువారు ఫోనులోనే వద్దందురు, కాళ్లకు శ్రమ తగ్గును. ఇల్లు దొరుకుట ఆలస్యమగును, నిజమే. అయితే దొరికిన యింట తలుపు తీసి ఉండవచ్చును. పౌలు రోమాలో రెండు సంవత్సరములు తన అద్దె యింట ఉండి, తనయొద్దకు వచ్చువారినందరిని చేర్చుకొనెను (అపొస్తలుల కార్యములు 28:30, 31). ప్రక్కన కావలి సిపాయి కూడ ఉండెను, దాచుకొనుటకు ఏమియు లేదు. అట్లని అపార్టుమెంటులో మైకు పెట్టుమని నేను చెప్పుటలేదు. గోడకు అవతల పసిబిడ్డ నిద్రించునని తలంచి పాడుటయు ప్రేమయే.

మరియొక మాట, వినువారికి చేదైనను చెప్పవలెను. పట్నములో స్వంత యిండ్లు కట్టుకొని, మేడమీద పోర్షను అద్దెకిచ్చు మనవారు కూడ, "ఏ మాల్యము, ఏ పాలెము?" అని లోలోపల విచారించుచున్నారు. సంఘములో బల్లయొద్ద ఒకే పాత్ర పుచ్చుకొని, మెట్లయొద్ద ఆ ప్రశ్న అడుగువారు ద్వితీయోపదేశకాండము 10:19 ఏ ముఖముతో చదువుదురు?

ఇంటికి అడ్వాన్సు ఇయ్యకమునుపు ఒక ఆదివారము ఆ ప్రాంతపు సంఘములో ఆరాధించి రండి. నడచిపోగల దూరములో గుడి ఉన్నచో వృద్ధులును పిల్లలును మానక వెళ్లుదురు, రెండు బస్సులు మారవలసినచోట మూడు నెలలకే మానుదురు. పౌలు కొరింథునకు వెళ్లినప్పుడు, రోమానుండి వెళ్లగొట్టబడి వచ్చిన అకుల, ప్రిస్కిల్లల యింట దిగెను (అపొస్తలుల కార్యములు 18:1–3). తామే క్రొత్తగా వచ్చినవారు ఇంకొక క్రొత్తవానికి చోటిచ్చిరి. 1842లో హేయరు దొరగారు గుంటూరు వచ్చినప్పుడు, అప్పటి కలెక్టరు స్టోక్సు దొరగారు ఆయనను ఆదరించి అండగా నిలిచెను. 1849లో హేయరు దొరగారు గురజాలకు మకాము మార్చెను. మన పల్నాటిలో సువార్త వేరూనిన చరిత్రలో ఒక పరదేశికి దొరికిన ఆదరణ ఇట్లున్నది.

కనుక ఇదివరకే హైదరాబాదులోను, గుంటూరులోను, విజయవాడలోను స్థిరపడిన మన సంఘస్థులకు విన్నపము. క్రొత్తగా వచ్చు కుటుంబమునకు మూడు దినములు ఒక గది ఇయ్యగలవారు, లేక ఒక శనివారము వారితో తిరిగి యిండ్లు చూపింపగలవారు తమ పేరును పేటను సంఘ పెద్దలకు తెలియజేయుడి. ఆ పట్టీని గుడిలో ఉంచెదము. వెళ్లువారు కనీసము రెండు వారముల ముందుగా చెప్పినయెడల, ఫీబేను గూర్చి పౌలు వ్రాసినట్లు (రోమీయులకు 16:1, 2) అచ్చటి పాదిరిగారికి బదిలీ పత్రముతోపాటు ఉత్తరము వ్రాసి ఇచ్చెదము. ఎజ్రా అహవా నదియొద్ద తమకును చిన్నవారికిని ఆస్తికిని శుభప్రయాణము కలుగునట్లు ఉపవాస ప్రార్థన చేసిన రీతిగా (ఎజ్రా 8:21), వారు బయలుదేరుటకు ముందటి ఆదివారమున ఆ కుటుంబము కొరకు ప్రార్థన జరుగును. కుటుంబమంతయు రావలెను, నాయనమ్మ సహా.