హోమ్‌స్కూలింగ్ సదస్సుకు వెళ్తున్నారా?

హైదరాబాద్ తూర్పు శివారులోని చెంగిచెర్ల ఎక్స్ రోడ్డు దగ్గర పొద్దున ఎనిమిదయ్యేసరికి స్కూలు బస్సుల సందడి మొదలవుతుంది. ఆ బస్సు ఎక్కించకుండా పిల్లల్ని ఇంట్లోనే చదివించాలనుకున్న అమ్మానాన్నలకు ముందుగా ఎదురయ్యే చిక్కు సిలబస్‌తో కాదు, చుట్టుపక్కల వాళ్లతో. ‘‘మీ బాబు ఏ స్కూలమ్మా?’’ అని పక్కింటి పెద్దావిడ అడుగుతుంది. పండక్కొచ్చిన మేనత్త ‘‘రేపు సర్టిఫికెట్ ఎవరిస్తారే?’’ అని నిలదీస్తుంది. జవాబు తెలిసినా చెప్పేటప్పుడు గొంతు కాస్త తడబడుతుంది. తమలాంటి కుటుంబం వీధిలో మరొకటి లేకపోవడమే ఆ తడబాటుకు కారణం.

హోమ్‌స్కూలింగ్ సదస్సులకు జనం వెళ్లేది ప్రధానంగా ఈ ఒంటరితనం పోగొట్టుకోవడానికే. ఉపన్యాసాలు యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి, పుస్తకాలు ఇంటికే వస్తాయి. ఇదే దారిలో రెండేళ్లు ముందు నడిచిన మరో తల్లి మాత్రం ఎదురుగా కూర్చుంటేనే దొరుకుతుంది.

అమెరికాలో ఈ ఉద్యమానికి ఊపిరి పోసిన జాన్ హోల్ట్ ఈ సంగతి ముందే గ్రహించారు. 1977లో ఆయన మొదలుపెట్టిన ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ పత్రిక వ్యాసాలతో సరిపెట్టుకోలేదు. పిల్లల్ని ఇంట్లో చదివిస్తున్న కుటుంబాల జాబితాను కూడా అచ్చు వేసింది. ఎక్కడెక్కడో విడివిడిగా ఉన్నవాళ్లు దాని సాయంతో ఒకరికొకరు పరిచయమయ్యారు. ఇప్పుడు అక్కడ ఏటా వసంతం నుంచి వేసవి దాకా పెద్ద పెద్ద హాళ్లలో సదస్సులు జరుగుతాయి. మన దేశంలో ఇంకా ఆ స్థాయి లేదు. ‘స్వశిక్షణ్’ పేరుతో హోమ్‌స్కూలర్ల సంఘం ఒకటుంది. హోమ్‌స్కూలింగ్ కుటుంబాలు చిన్న చిన్న బృందాలుగా కలుసుకుంటుంటాయి. పదిహేను మంది పార్కులో కూర్చున్నా అది సదస్సే.

పెద్ద సదస్సుల్లో ఒక ప్రమాదం ఉంది, దాన్ని ముందే తెలుసుకోవాలి. హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురయ్యేవి స్టాళ్లు. రంగురంగుల వర్క్‌బుక్కులు, ఏడాదికి సరిపడా సిలబస్ పెట్టెలు, ‘ఈ రోజుకు మాత్రమే’ అంటూ తగ్గింపు ధరలు. ఇంట్లో ఏం చెప్పాలో తెలియక బెంగ పడుతున్న తల్లికి ఆ పెట్టె అభయహస్తంలా కనిపిస్తుంది. బెంగతో కొన్న పుస్తకం చాలా ఇళ్లలో అల్మారా దాటి బయటికి రాదు. మొదటి పూట ఏదీ కొనకుండా తిరగడమే మంచి పద్ధతి. నచ్చినదాని పేరు రాసుకుని, దాన్ని ఇప్పటికే వాడినవాళ్లను వెతికి ‘‘ఎన్ని నెలలు వాడారు? పిల్లాడు ఎక్కడ విసుక్కున్నాడు?’’ అని అడిగితే అమ్మేవాళ్లు చెప్పని సంగతి తెలుస్తుంది.

అడగడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ‘‘హోమ్‌స్కూలింగ్ మంచిదేనా?’’ అని అడిగితే అవుననో కాదనో అనడం తప్ప ఎవరూ ఏమీ చెప్పలేరు. ప్రశ్న ఇంటి కొలతకు తగ్గట్టు ఉండాలి. అలా అడగాలంటే ముందు కొన్ని నియమాలు తెలిసుండాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువు గురించి మాట్లాడే ఆ చట్టంలో హోమ్‌స్కూలింగ్ అన్న మాట లేదు. అందుకే పరీక్షల దారి గురించి స్పష్టత తెచ్చుకోవడం తల్లిదండ్రుల పనే అవుతుంది. ఎక్కువమంది ఎంచుకునేది 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థను, అంటే ఎన్‌ఐఓఎస్‌ను. అక్కడ పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి. ఒకసారి నమోదైతే ఐదేళ్ల గడువు ఉంటుంది, సబ్జెక్టులను విడతలవారీగా పూర్తి చేసుకోవచ్చు. మన రాష్ట్రంలో తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా ఉంది.

ఇంత తెలుసుకుని వెళ్లిన తండ్రి అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. ‘‘మా అమ్మాయికి ఇంజినీరింగ్ ఇష్టం. జేఈఈ మెయిన్ రాయాలంటే ఎన్‌ఐఓఎస్ ఇంటర్‌లో కనీసం ఐదు సబ్జెక్టులు ఉండాలంటున్నారు కదా, మీ అబ్బాయి ఏవి తీసుకున్నాడు? ప్రాక్టికల్స్‌కు ఎక్కడికి వెళ్లాడు?’’ ఇలాంటి ప్రశ్న వినగానే ఎదుటి మనిషి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఇలాంటివి రెండో మూడో ముందురోజు రాత్రే కాగితం మీద పెట్టుకుంటే చాలు. పది ప్రశ్నలతో వెళ్తే దేనికీ పూర్తి జవాబు రాదు.

పేరు మోసిన విజయాలతో సొంత పిల్లల్ని పోల్చుకునే జబ్బు కూడా సదస్సుల్లో సులువుగా అంటుకుంటుంది. హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంట్లోనే చదువుకుని ఎనిమిదేళ్లకే పదో తరగతి పూర్తి చేసింది. ముంబయి అమ్మాయి మాళవికా జోషిని ఏడో తరగతి తర్వాత వాళ్లమ్మ బడి మాన్పించింది. అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్‌లో మాళవిక మూడు పతకాలు గెలిచి, పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేకుండానే 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు సంపాదించింది. ఈ కథల్లో వయసునూ పతకాలనూ చూసి బెంబేలు పడనక్కర్లేదు. మాళవిక నాలుగు గోడల మధ్య ఉండిపోలేదు. ఒలింపియాడ్ శిక్షణ శిబిరాలకు వెళ్లింది, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివింది, తనలాగే ప్రోగ్రామింగ్ పిచ్చి ఉన్నవాళ్లతో కలిసి పెరిగింది. గమనించాల్సింది దీన్నే.

అందుకే సదస్సుకు పిల్లల్ని కూడా తీసుకెళ్లాలి. తీసుకెళ్లి పక్కన కూర్చోబెడితే ప్రయోజనం లేదు, ఏదైనా పని అప్పగించాలి. దీనికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పన్నెండేళ్లకే బడి మానేసింది, ఇంగ్లిష్ మాధ్యమాన్ని రుద్దడం నచ్చక. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. అక్కడి ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడింది. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపకూడదన్నది ఆమెకు అప్పగించిన బాధ్యత. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టికెట్ లేదు. ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి కోప్పడితే, తనకు చెప్పిన పనే తాను చేశానంది. టికెట్ తెచ్చాకే నెహ్రూను లోపలికి వెళ్లనిచ్చింది. ఆ ధైర్యాన్ని ఆయన మెచ్చుకున్నారు. ఆ తర్వాత దుర్గాబాయి బనారస్ మెట్రిక్‌కు ప్రైవేటుగా కట్టి, డిగ్రీ, లా పూర్తి చేసి, రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

కాకినాడ మహాసభలో ఎన్ని ఉపన్యాసాలు విన్నా గుమ్మం దగ్గర ఆ గంటలో వచ్చిన నిబ్బరం రాదు. ఈ రోజు సదస్సుల్లోనూ రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పేర్లు రాయడానికీ, మంచినీళ్లు అందించడానికీ, పిల్లల పుస్తకాల మార్పిడి చూసుకోవడానికీ మనుషులు కావాలి. పదేళ్ల పిల్ల కొత్తవాళ్లకు నమస్కారం పెట్టి ‘‘మీ పేరు ఎలా రాయమంటారు?’’ అని యాభైసార్లు అడిగితే బిడియం దానంతటదే కరుగుతుంది. పిల్లలు నలుగురిలో కలవడం ఎలా అని బెంగపడేవాళ్లకు ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు.

తిరిగొచ్చాక మొదటి వారం చాలా ముఖ్యం. రాసుకున్న ఫోన్ నంబర్లలో ఇద్దరికి ఆ వారంలోనే ఫోన్ చేయాలి, లేకపోతే పేర్లు గుర్తుండవు, పరిచయం చల్లారిపోతుంది. విన్న కొత్త పద్ధతుల్లో ఒక్కటే ఎంచుకుని నెల రోజులు నడపాలి. ఇంటి చదువును సోమవారం పొద్దున్నే మొత్తం తలకిందులు చేస్తే పిల్లలు బెదిరిపోతారు.

పెద్ద సదస్సు కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు కూడా. తూర్పు హైదరాబాద్ వాళ్లకు ఉన్న అదృష్టం చాలా ఊళ్లకు లేదు. మాంసం పరిశోధనకు జాతీయ సంస్థ చెంగిచెర్లలోనే ఉంది. ఉప్పల్ రోడ్డు మీద హబ్సిగూడలో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) ఉన్నాయి, తార్నాకలో ఐఐసీటీ (రసాయన సాంకేతిక సంస్థ) ఉంది. చివరి మూడింటినీ నడిపే శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) ఆవిర్భావ దినమైన సెప్టెంబరు 26 ప్రాంతంలో ఆ మూడు ప్రయోగశాలలూ సాధారణంగా జనం కోసం తలుపులు తెరుస్తాయి. తేదీ ముందుగా కనుక్కుని, మరో రెండు కుటుంబాలను కలుపుకొని వెళ్లండి. శాస్త్రవేత్తను అడగాల్సిన ప్రశ్నను మాత్రం మీ పిల్లలనే రాసుకోనివ్వండి.