నల్ల అడవిలో సరస్సు తీరాన

ప్రశ్న: జర్మనీ అడవుల నడుమ, సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరిలో మూడు రోజులు గడపడానికి ఏ చోటు అనువైనది?

జవాబు: నైరుతి జర్మనీలోని ‘ష్వార్జ్‌వాల్డ్’లో, అనగా స్ప్రూస్, ఫర్ చెట్ల చిక్కని నీడ వల్ల నల్ల అడవిగా పేరొందిన కొండసీమలో, సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న టిటిజే ఇందుకు అనువైనది. పూర్వం ఫెల్డ్‌బెర్గ్ శిఖరం నుంచి కదిలివచ్చిన హిమానీనదం, అంటే మెల్లగా జారే మంచు ప్రవాహం, తొలిచిన పల్లంలో ఏర్పడిన ఈ సరస్సుకు ఫ్రైబుర్గ్ నుంచి రైలులో సుమారు 40 నిమిషాలలో చేరవచ్చు. స్టేషన్ నుంచి తీరానికి నడకే చాలు. ఈతకు జులై, ఆగస్టు నెలలు అనుకూలమైనా, సాయంత్రాలు చల్లబడతాయి గనుక స్వెట్టరు అవసరం. అనేక వసతి గృహాలు ఇచ్చే ‘కోనుస్’ అతిథి కార్డుతో స్థానిక బస్సులు, రైళ్లలో ఉచితంగా తిరగవచ్చు కాబట్టి అద్దె కారు తప్పనిసరి కాదు.