పంట పోయిన ఏడు సీసాలో ఏం పోస్తారు?

అనంతపురం జిల్లా శింగనమలలో గానుగ పెట్టి చెనిక్కాయ నూనె అమ్మాలనుకునేవాళ్లు మొదట అడిగేది లోగో సంగతి. అది ఆఖర్న చూసుకోవచ్చు. ఇది వాన మీద బతికే పంట. పంట పోయిన ఏడు ఏం చేస్తారో ముందు తేల్చుకోండి. బయటి కాయ తెచ్చి ‘మా ఊరి కాయే’ అని రాస్తే ఆ ఏడు గడుస్తుంది, పేరు మాత్రం మిగలదు. ఉన్న కాయతో తక్కువ సీసాలే పట్టండి, లేదా కాయ ఎక్కడిదో చెప్పే అమ్మండి.

పేరు నిలబెట్టుకోవడానికి దగ్గర్లోనే ఓ ఉదాహరణ ఉంది. ధర్మవరం దాటితే వచ్చే చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బీడునేలలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలైంది. దాని అండతో 2008లో ఏర్పడిన ధరణి రైతు సహకార సంఘం సభ్యుల పంట కొని, శుద్ధి చేసి, ‘టింబక్టు ఆర్గానిక్’ పేరుతో అమ్ముతోంది. పంట సేంద్రియమేనని రైతులే కలిసి హామీ ఇచ్చే పీజీఎస్ పద్ధతిలో ఒకరి చేనును తోటి రైతులే తనిఖీ చేస్తారు. పొరుగువాడి కళ్లు కప్పడం అంత తేలిక కాదు కదా! ప్రకటనల కన్నా ఆ తనిఖీదే బలమని నా లెక్క.

మీ గానుగలోనూ అలాంటి కాపలా కావాలి. బూజు పట్టిన గింజ, ముడత గింజ ఆడించేముందే ఏరేయాలి. బూజుతో వచ్చే అఫ్లాటాక్సిన్ విషం నూనెలోకీ, గొడ్లకు పెట్టే చెక్కలోకీ దిగుతుంది. ప్రతి సీసా మీద బ్యాచ్ నంబరు వేసి, ఆ కాయ ఎవరి చేనిదో, ఏ రోజు ఆడించారో నోటుబుక్కులో రాసుకోండి. ముక్కవాసన వస్తోందని ఒకరు ఫోన్ చేస్తే ఆ బ్యాచ్ మొత్తం వెనక్కి తెప్పించవచ్చు.

ఇక పేరు. ‘శింగనమల నూనె’ అని ట్రేడ్‌మార్కుకు పెడితే తిరస్కరించే అవకాశమే ఎక్కువ. ఊరి పేరు, సరుకు పేరు ఒక్కరి సొత్తు కాకూడదన్నది 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ఉద్దేశం. వేరే పేరొకటి ఆలోచించండి. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంటుకు డబ్బివ్వకండి. అది ఉంటే సంస్థ పేరున పెట్టినా ఆన్‌లైన్లో ట్రేడ్‌మార్కు రుసుము 9,000 బదులు 4,500 రూపాయలే. పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. రిజిస్టర్ కాకముందే సున్నాలో ‘ఆర్’ గుర్తు వేయడం చట్టవిరుద్ధం.

లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు, నికర పరిమాణం, ఎమ్మార్పీ, తయారీ తేదీ, చిరునామా, ఫిర్యాదు నంబరు ఉండాలి. ఆ ఫోను ఎత్తే మనిషి కూడా ఉండాలి.

మొదటి ఏడు అనంతపురంలో నాలుగు కొట్లు చాలు. అప్పు మీద సరుకు దింపమనే కొట్టు ఎంత పెద్దదైనా, కాయకు రొక్కం కట్టే మీకు పనికిరాదు.