ఆంగ్లంలో మధ్యమ ప్రయోగం – క్రియావిశేషణం పాత్ర

కర్తరి, కర్మణి ప్రయోగాలు విద్యార్థులకు సుపరిచితాలే. ఆంగ్లంలో ఆ రెండింటి నడుమ మరొకటి ఉన్నది. 'దిస్ బ్రెడ్ కట్స్ ఈజిలీ' అన్న వాక్యాన్ని పరిశీలించండి. కోసేవాడికి ఇందులో చోటు లేదు. కోయబడే రొట్టెయే కర్తృస్థానంలో నిలిచింది; క్రియ మాత్రం కర్తరి రూపంలోనే ఉన్నది. ఇదే మధ్యమ ప్రయోగం. తెలుగులో మనం 'కోయు' ధాతువును విడిచి, 'ఈ రొట్టె సులువుగా తెగుతుంది' అంటాము. ఆంగ్లం ఒకే క్రియతో రెండు పనులనూ నిర్వహిస్తుంది.

ఇక్కడ క్రియావిశేషణం అలంకారం కాదు, ఆయువుపట్టు. 'దిస్ బ్రెడ్ కట్స్' అని ఊరుకుంటే వాక్యం అసంపూర్ణంగా తోస్తుంది. ఏ రొట్టెనైనా కోయవచ్చును కదా! ఈ రొట్టెకు గల ప్రత్యేక గుణాన్ని తెలిపేది 'ఈజిలీ' అన్న పదమే. ఒక్కొక్కప్పుడు వ్యతిరేకార్థం కూడా ఆ లోటును తీరుస్తుంది: 'దిస్ బ్రెడ్ వోంట్ కట్'. 'ద డ్రెస్ బటన్స్ ఎట్ ద బ్యాక్' అన్నచోట స్థలాన్ని తెలిపే పదబంధమే చాలు.

అయితే ప్రతి క్రియావిశేషణమూ ఇందులో ఇమడదు. 'వెల్', 'స్మూత్‌లీ' వంటివి వస్తుగుణాన్ని సూచిస్తాయి గనుక పొసగుతాయి. 'కేర్‌ఫుల్లీ', 'డెలిబరేట్‌లీ' అనేవి కోసేవాని మనస్సుకు సంబంధించినవి. రొట్టెకు జాగ్రత్త ఎక్కడిది? కర్మణిలో మాత్రం 'ద బ్రెడ్ వాజ్ కట్ కేర్‌ఫుల్లీ' అనుట సాధువే.

'ద డోర్ ఓపెన్డ్' అన్నది వేరు. అది జరిగిన సంఘటనను చెబుతుంది. దానికి క్రియావిశేషణం అక్కరలేదు. ఈ భేదాన్ని కైజర్, రోపర్ అనే భాషాశాస్త్రవేత్తలు 1984లో చర్చించారు.

కనుక ఇట్టి వాక్యాలను దోషాలుగా భ్రమించి, 'వాజ్ కట్' అని దిద్దరాదు. అట్లా దిద్దితే వస్తువు స్వభావం మరుగునపడి, ఒకనాటి సంఘటన మాత్రమే మిగులుతుంది.