సోలార్ పలకలు ఆఖర్న

గ్యాసు, పెట్రోలు మానేసి ఇల్లంతా కరెంటుతో నడుపుకుందామనుకునే వాళ్లు ముందు సోలార్ డీలరుకు ఫోన్ చేస్తారు. మన రాప్తాడు ఎండ చూస్తే ఎవరికైనా అదే తోస్తుంది. నేనైతే పలకలు ఆఖర్న పెట్టించుకోమంటాను. ఇప్పటి బిల్లు చూసి బిగించిన సోలార్, పొయ్యీ బండీ కూడా కరెంటు మీదికి వచ్చాక చాలదు.

మొదట వైరింగు. ఇండక్షన్ పొయ్యి దాదాపు 2,000 వాట్లు లాగుతుంది. వంటింట్లో 16 ఆంపుల సాకెట్, దానికి విడిగా మందపాటి వైరు వేయించండి. మీది ఒక కిలోవాటు కనెక్షన్ అయితే కరెంటాఫీసులో లోడు పెంచమని అర్జీ పెట్టుకోవాలి. ఎర్తు గుంతను మన వైపు ఎవరూ పట్టించుకోరు. ఎండాకాలం నేల ఆరిపోతే ఎర్తు సరిగా పనిచేయదు. అప్పుడప్పుడూ ఒక బిందె నీళ్లు పోయండి. తాగడానికే లేవంటారా, గిన్నెలు కడిగిన నీళ్లు చాలు.

పొయ్యి కొనేముందు గిన్నెల అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటేనే పనికొస్తాయి. సత్తు గిన్నెలు, మట్టి కుండలు, గుండ్రటి అడుగున్న మూకుళ్లు పక్కన పెట్టాల్సిందే. జొన్నరొట్టెకు చదునైన ఇనుప పెనం సరిపోతుంది గానీ, మంట మీద పొంగించడం కుదరదు. సంగటి గెలికేటప్పుడు గిన్నె కిందికి దించుకోండి. పొయ్యి పైభాగం గాజు, కట్టె ఊపుకు ఓర్చుకోదు. గ్యాసు కనెక్షన్ మాత్రం అప్పుడే రద్దు చేయకండి. కరెంటు పోయిన పూట ఒక సిలిండర్ ఉండాలి.

రోజూ అనంతపురం పోయొచ్చేవాళ్లకు కరెంటు స్కూటరు కలిసొస్తుంది. వంద కిలోమీటర్లకు సుమారు మూడు యూనిట్లు. ఎండన పడి వచ్చాక బండిని నీడలో కాసేపు చల్లారనిచ్చి చార్జింగు పెట్టండి.

ఇలా రెండు మూడు నెలలు గడిచాక బిల్లు తీసి, ఎంత సోలార్ కావాలో అప్పుడు లెక్కేసుకోండి. రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల నుంచి తిరుగుతున్నా, దేశంలో కరెంటు ఇప్పటికీ ఎక్కువగా బొగ్గుదే. అందుకే మిద్దె మీద సోలార్. కిలోవాటుకు నెలకు దాదాపు 120 యూనిట్లు వస్తాయి, నీడ పడని వంద చదరపు అడుగులు కావాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల సబ్సిడీ. పథకం పోర్టల్‌లో మీ సర్వీసు నంబరుతో దరఖాస్తు చేసి, అందులో నమోదైన డీలరునే ఎంచుకోండి. పలకలు బిగించి, వచ్చే పోయే కరెంటును లెక్కగట్టే నెట్ మీటరు పెట్టాకే సబ్సిడీ మీ ఖాతాలో పడుతుంది, ముందు డబ్బు మీరే సర్దుకోవాలి.

డీలర్లు చాలామంది చెప్పని మాట ఒకటుంది. బ్యాటరీ లేని సోలార్, లైను కరెంటు పోతే పట్టపగలైనా ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా అలా పెట్టారు.

పలకలు దక్షిణం వైపు, పదిహేను డిగ్రీల వాలుతో ఉండాలి. ఎర్రదుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది, కడగక తప్పదు. బోరు నీళ్లు ఆరితే తెల్లమరకలు కడతాయి కాబట్టి వెంటనే మెత్తటి గుడ్డతో తుడిచేయండి. ఆ పని తెల్లారకముందే ముగించాలి. మధ్యాహ్నం కాలిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగుళ్లివ్వొచ్చు.