పోటీ పరీక్షల ప్రత్యేకం: కొల్నార కంది.. విత్తన గొలుసు

కొల్నార: ఒడిశాలోని రాయగడ జిల్లా బ్లాక్. 1992 అక్టోబరు 2న అవిభక్త కోరాపుట్ నుంచి రాయగడ జిల్లా ఏర్పడింది. ఐదో షెడ్యూలు ప్రాంతం (అధికరణ 244(1)). కోరాపుట్ సంప్రదాయ సేద్యానికి 2012లో ఎఫ్‌ఏఓ 'జియాస్' (ప్రపంచ ప్రాముఖ్యమున్న వ్యవసాయ వారసత్వ వ్యవస్థ) గుర్తింపు వచ్చింది. జతపరచే ప్రశ్నకు అనువైన అంశం.

రాయగడ, కలహండి జిల్లాల్లో 2010 దశకంలో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్రిశాట్ (పటాన్‌చెరు, 1972) మేలైన కంది రకాలు, విత్తన గ్రామాలపై పనిచేసింది. ఆశ (ఐసీపీఎల్ 87119) ఇక్రిశాట్ కంది రకం.

విత్తన గ్రామం: శిక్షణ పొందిన రైతులు నాణ్యమైన విత్తనం పండించి తోటి రైతులకు అందించే ఊరు. కేంద్ర పథకం 2005-06లో మొదలైంది.

విత్తన వృద్ధి నిష్పత్తి: కంది 1:100, పెసర, మినుము 1:40, శనగ 1:10, వేరుశనగ 1:8. తప్పక చదవాలి. వేరుశనగకు ఎకరానికి విత్తనం ఎక్కువ, వృద్ధి తక్కువ. పైగా రైతు గింజ దాచుకోగలడు. అందుకే ప్రైవేటు కంపెనీలకు ఆసక్తి తక్కువ. భారం ప్రభుత్వ సంస్థలు, రైతు సంఘాలపైనే.

విత్తన తరగతులు, సంచుల ట్యాగులు: బ్రీడర్ - బంగారు పసుపు, ఫౌండేషన్ - తెలుపు, సర్టిఫైడ్ - నీలం. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు.

చట్టాలు: విత్తన చట్టం 1966, విత్తన నియంత్రణ ఉత్తర్వు 1983. మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001, సెక్షన్ 39: రైతు విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్మవచ్చు, బ్రాండ్ పేరుతో మాత్రం కాదు. ఈ మినహాయింపే అసలు ప్రశ్న.

ట్రాపికల్ లెగ్యూమ్స్ ప్రాజెక్టు: 2007-2019, ఆఫ్రికా, దక్షిణాసియా, గేట్స్ ఫౌండేషన్ నిధులు.

ప్రపంచ పప్పుధాన్యాల దినం: ఫిబ్రవరి 10. అంతర్జాతీయ సంవత్సరం: 2016.

తాజా అంశం: పప్పుధాన్యాల ఆత్మనిర్భరతా మిషన్, 2025-26 నుంచి 2030-31, రూ.11,440 కోట్లు, కంది, మినుము, మసూర్‌పై దృష్టి.